ఎంటర్ నొక్కిన తరువాత: ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకుంటున్న అబ్బాయికి పెద్దమ్మ రాసిన లేఖ

చిరంజీవికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. బీటెక్ రెండో ఏడాదిలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపరు మొదలై నెల గడిచినా "వాడేవారికీ యంత్రానికీ మధ్య వారధి" అన్న నిర్వచనం తప్ప తలకేమీ ఎక్కలేదని, ఏ పుస్తకం చదివితే అర్థమవుతుందో చెప్పమని అడిగావు. ఆ నిర్వచనంలో తప్పేమీ లేదు. పరీక్షలో దానికి రెండు మార్కులు కూడా వస్తాయి. అయితే ముప్పై ఏళ్లు సర్వర్లకు కాపలా కాసి విరమించిన నాకు ఆ వాక్యం ఒక్క రోజు కూడా అక్కరకు రాలేదు. అందుకని పుస్తకం పేరుకు బదులు నీకొక పని చెబుతాను.

లైనక్స్‌లో టెర్మినల్ తెరిచి, ఎల్‌ఎస్ (ls) అని కొట్టి, ఎంటర్ మీట నొక్కు. ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. రెప్పపాటుకన్నా తక్కువ సమయంలో ముగిసే ఆ చిన్న పనిని పుట్టుక నుంచి చావు దాకా వెంబడించు. నీ సిలబస్‌లో విడివిడి యూనిట్లుగా ఉన్న ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు), మెమరీ, షెడ్యూలింగ్, ఫైల్ సిస్టమ్ అన్నీ ఆ దారిలో ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. విడివిడిగా చదివితే ఇవి నిర్వచనాలుగానే మిగిలిపోతాయి. ఒకే పని వెంట నడుస్తూ చూస్తే, ఒకదాని అవసరం మరొకదాన్ని ఎలా పుట్టించిందో తెలుస్తుంది.

ముందుగా ఒక జాగ్రత్త. నీ ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌ను తీసేయవద్దు. వర్చువల్‌బాక్స్ వంటి దానిలో ఒక వర్చువల్ మెషీన్ (యంత్రంలోని ఉత్తుత్తి యంత్రం) పెట్టుకుని, అందులో ఉబుంటు గానీ డెబియన్ గానీ వేసుకుని, ప్రయోగానికి ముందు, మళ్లీ అదే స్థితికి రాగలిగేలా, స్నాప్‌షాట్ తీసుకో. పాడుచేయడానికి భయపడని యంత్రం ఒకటి చేతిలో ఉంటేనే ఈ విద్య వంటబడుతుంది. విండోస్‌ను చిన్నచూపు చూసి లైనక్స్ పేరు చెప్పడం లేదు. ఇక్కడ మూలమంతా తెరిచి ఉంటుంది కాబట్టి, "ఇది ఎందుకిలా చేసింది" అన్న ప్రశ్నకు జవాబు ఊహించనక్కరలేదు, వెళ్లి చదువుకోవచ్చు. నీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులో ఉన్నది కూడా ఈ లైనక్స్ కెర్నలే, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే ప్రోగ్రామే.

ఇప్పుడు ఎంటర్ మీట దగ్గరకు వద్దాం. నీవు ఆ మీట నొక్కే క్షణంలో ప్రాసెసర్ మరేదో ప్రోగ్రామును నడుపుతూ ఉంటుంది. కీబోర్డు నుంచి ఇంటరప్ట్, అంటే "ఆగి నన్ను చూడు" అనే సంకేతం, రాగానే, ప్రాసెసర్ చేస్తున్న పనిని ఉన్నచోట ఆపి, ఎక్కడ ఆపిందో గుర్తు పెట్టుకుని, కెర్నల్‌లో ఆ ఇంటరప్ట్ కోసం ముందే నిర్ణయించి ఉంచిన చోటికి దూకుతుంది. నాకు చాలా ఏళ్లు తెలియక తికమకపడిన సంగతి ఒకటి ఇక్కడే నీకు చెప్పాలి. కెర్నల్ అనేది పొద్దస్తమానం పక్కన నిలబడి అజమాయిషీ చేసే మేస్త్రీ కాదు. సింహభాగం అది పిలిస్తే పలికే కోడ్ మాత్రమే. పరికరం నుంచి ఇంటరప్ట్ వచ్చినప్పుడో, ప్రోగ్రాము తనంతట తాను కెర్నల్ సాయం అడుగుతూ సిస్టమ్ కాల్ చేసినప్పుడో, ప్రోగ్రాము చేయరాని పని చేయబోయి ప్రాసెసర్‌కు చిక్కినప్పుడో మాత్రమే అది లేస్తుంది. ఏ ప్రశ్న ఎదురైనా "ఈ క్షణంలో కెర్నల్‌ను లేపింది ఎవరు?" అని మొదట అడుగు, సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఎవరూ పిలవకపోతే? ఒక ప్రోగ్రాము అంతులేని లూపులో పడి, సిస్టమ్ కాల్ ఏదీ చేయకుండా కూర్చుంటే ఏమవుతుంది? దానికోసమే టైమర్ ఉంది. యంత్రంలోని గడియారం సెకనుకు ఇన్నిసార్లని ఇంటరప్ట్ ఇస్తూ ఉంటుంది. సెకనుకు 250 సార్లు, అంటే నాలుగు మిల్లీసెకన్లకు ఒకసారి ఇవ్వడం లైనక్స్‌లో తరచుగా కనిపించే అమరిక. మొండి ప్రోగ్రాము ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గంట మోగగానే ప్రాసెసర్ కెర్నల్ చేతికి వస్తుంది. ఆ గంటను ఆపివేసే అధికారం మామూలు ప్రోగ్రాముకు ఉంటే ఈ ఏర్పాటంతా వృథా. అందుకే ప్రాసెసర్‌లోనే రెండు హోదాలుంటాయి: అన్నీ చేయగల కెర్నల్ హోదా, పరికరాలను నేరుగా ముట్టుకోలేని వాడుకరి హోదా. ఈ తేడాను నిలబెట్టేది సాఫ్ట్‌వేర్ కాదు, సిలికాన్. హార్డ్‌వేర్ సాయం లేకుండా నమ్మదగిన ఆపరేటింగ్ సిస్టమ్ కట్టడం చాలా కష్టమని నా అభిప్రాయం.

ఒకే ప్రాసెసర్‌ను ఇలా పలువురికి పంచే అవసరం ఎలా వచ్చిందో కొంచెం చరిత్ర కూడా తెలుసుకో. ఒకప్పుడు కంప్యూటరు ఖరీదు మనిషి సమయం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, మనిషే క్యూలో నిలబడేవాడు. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాతో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించి, ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకోవచ్చని నిరూపించింది. ఆ దారిలోనే బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్, ఎంఐటీ కలిసి మల్టిక్స్ అనే భారీ ప్రయత్నం మొదలుపెట్టాయి. 1969లో బెల్ ల్యాబ్స్ దాని నుంచి తప్పుకున్నాక, కెన్ థాంప్సన్ పీడీపీ-7 అనే చిన్న యంత్రం మీద మొదలుపెట్టిన పనిలో డెనిస్ రిచీ కూడా చేయి కలపగా యూనిక్స్ తయారైంది. 1973లో దాన్ని సీ భాషలోకి తిరగరాయడం వల్ల అది ఒక యంత్రానికి కట్టుబడి ఉండవలసిన పని తప్పింది. 1991లో హెల్సింకీలో విద్యార్థిగా ఉన్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్స్ ఆ యూనిక్స్ నమూనాలోనే నడిచింది. పేర్లూ తేదీలూ పరీక్షకు పనికొస్తాయి. నీవు గుర్తుంచుకోవలసింది మాత్రం, ఇప్పుడు నీవు కొట్టిన ఎల్‌ఎస్ ఆ రోజుల నాటి ఆలోచనల మీదే నడుస్తోందన్న సంగతి.

నీ మీటలను అందుకున్నది, ఆదేశాలు చదివి నడిపే షెల్ అనే ప్రోగ్రాము. అది కూడా నీవు రాసే ప్రోగ్రాముల వంటిదే, దానికి ప్రత్యేక అధికారాలేమీ లేవు. కొత్త పని మొదలుపెట్టడానికి యూనిక్స్ ఎంచుకున్న పద్ధతి మొదటిసారి చూసినవారికి వింతగా ఉంటుంది. షెల్ ముందుగా ఫోర్క్ అనే సిస్టమ్ కాల్‌తో తనకు తానే ఒక నకలు తయారు చేసుకుంటుంది. ఒకసారి పిలిచిన ఫోర్క్ రెండు చోట్ల తిరిగి వస్తుంది: పుట్టిన పిల్లకు సున్నా, తల్లికి ఆ పిల్ల ప్రాసెస్ సంఖ్య. తరువాత ఆ పిల్ల ఎగ్జెక్ అనే మరో కాల్‌తో తన ఒంట్లోని షెల్ ప్రోగ్రామును చెరిపేసుకుని, ఆ స్థానంలో ఎల్‌ఎస్ ప్రోగ్రామును నింపుకుంటుంది. కష్టపడి నకలు తీసి, వెంటనే చెరిపేయడం ఎందుకని నీవు అడగాలి. అడగకుండా దాటిపోతే యూనిక్స్‌లోని అందం నీకు కనిపించదు.

జవాబు ఆ రెండు కాల్స్ మధ్యనున్న సందులో ఉంది. ప్రతి ప్రాసెస్‌కూ తెరిచి ఉన్న ఫైళ్ల పట్టిక ఒకటి ఉంటుంది. అందులో 0 అంటే వచ్చే సమాచారం, 1 అంటే పోయే సమాచారం, 2 అంటే తప్పుల మాటలు. పిల్ల పుట్టిన తరువాత, ఎల్‌ఎస్‌గా మారకముందు, ఆ సందులో 1ని మూసి దాని స్థానంలో ఒక ఫైలును తెరిస్తే, ఆ తరువాత వచ్చే ఎల్‌ఎస్ తాను తెర మీద రాస్తున్నానో ఫైలులో రాస్తున్నానో పట్టించుకోకుండా 1లోకే రాసుకుంటూ పోతుంది. జాబితాను ఫైలులోకి మళ్లించడానికి ఎల్‌ఎస్ రాసినవారు ప్రత్యేకంగా ఏమీ చేయనవసరం లేకపోయింది. (తన ముందున్నది టెర్మినలా కాదా అని మాత్రం ఎల్‌ఎస్ అడిగి చూసుకుంటుంది, అందుకే ఫైలులోకి మళ్లిస్తే పేర్లు వరుసకొకటిగా పడతాయి.) ఒక ప్రోగ్రాము రాసింది మరొకటి చదివేలా కలిపే పైపులు కూడా ఈ సందులోనే కడతారు. కాబట్టి నా మొదటి గట్టి సలహా ఇది: సీ భాషలో ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్ (పిల్ల ముగిసేదాకా ఆగడం) అనే మూడు కాల్స్‌తో నీ సొంత షెల్ ఒకటి రాయి. మామూలు ఆదేశాలు నడిపే షెల్‌కు నూరు వరుసలు సరిపోతాయి. ఆ తరువాత మళ్లింపు, ఆ తరువాత పైపు చేర్చు. రెండు శనాదివారాల పని. నా చేతి కింద పనిచేసిన కుర్రవాళ్లలో ఇది చేసినవారికీ చేయనివారికీ ఉన్న తేడా నాకు మొదటి వారంలోనే తెలిసిపోయేది.

ఇక మెమరీ. ఈ యూనిట్‌లో అందరూ తడబడేది వర్చువల్ అడ్రస్, అంటే ప్రోగ్రాము వాడే ఊహా చిరునామా, దగ్గర. మన ఊళ్లో సర్వే నంబరు 45 ఉంది, పక్క ఊళ్లోనూ సర్వే నంబరు 45 ఉంది; నంబరు ఒకటే అయినా భూములు వేరు, ఏ నంబరు ఏ నేల మీద ఉందో తేల్చేది ఆ గ్రామపు రికార్డు. ప్రతి ప్రాసెస్‌నూ ఒక గ్రామం అనుకో. రెండు ప్రోగ్రాములు ఒకే చిరునామాలో రాసుకున్నా అవి కలబడవు, ఎందుకంటే ప్రతిదానికీ సొంత పేజ్ టేబుల్ అనే రికార్డు ఉంటుంది. సాధారణంగా 4096 బైట్ల పేజీలుగా మెమరీని విభజించి, ఏ వర్చువల్ పేజీ నిజమైన మెమరీలో ఎక్కడుందో అందులో రాసి ఉంచుతారు. ఉపమానం ఇక్కడితో ఆగుతుంది: మన రెవెన్యూ రికార్డును మనుషులు తీరిగ్గా తిరగేస్తారు, పేజ్ టేబుల్‌ను ప్రాసెసర్ తాను మెమరీని ముట్టుకున్న ప్రతిసారీ చూడవలసి ఉంటుంది. అది నెమ్మదిస్తే అంతా నెమ్మదిస్తుంది కాబట్టి, ఇటీవల చూసిన వాటిని టీఎల్‌బీ అనే చిన్న పట్టికలో దగ్గర పెట్టుకుంటుంది.

రికార్డులో లేని పేజీని ప్రోగ్రాము తాకితే పేజీ ఫాల్ట్ వచ్చి కెర్నల్ లేస్తుంది. పేరులో ఫాల్ట్ ఉందని ప్రతిదీ తప్పనుకోకు. ఎల్‌ఎస్ మొదలైనప్పుడు దాని కోడ్ అంతా మెమరీలోకి రాదు. తాకిన పేజీలు మాత్రమే తాకినప్పుడు వస్తాయి. ఫోర్క్ చేసినప్పుడు కూడా తల్లి మెమరీ నిజంగా నకలు కాదు. ఇద్దరూ అవే పేజీలను పంచుకుని, ఎవరైనా రాయబోయినప్పుడు మాత్రమే ఆ ఒక్క పేజీకి నకలు తీస్తారు. అసలు హక్కే లేని చిరునామాను తాకినప్పుడే కెర్నల్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రామును చంపేస్తుంది. ఈ పేజీల పద్ధతి 1962లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో అట్లాస్ అనే కంప్యూటరుతో మొదలైంది. ప్రాక్ అనే డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్ సంఖ్య పేరుతోనూ ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులోని మ్యాప్స్ అనే ఫైలు తెరిచి చదివితే ఆ గ్రామపు పటం నీ కళ్ల ముందుంటుంది.

ఇంకొక మాట. ఫ్రీ అనే ఆదేశం కొట్టి, ఖాళీ మెమరీ తక్కువ ఉందని కంగారుపడేవారు నా దగ్గరకు వారానికొకరు వచ్చేవారు. డిస్కు నుంచి చదివిన ఫైళ్లను కెర్నల్ మిగిలిన మెమరీలో దాచి ఉంచుతుంది. అవసరం వస్తే వాటిని వదిలేస్తుంది. చూడవలసింది ఫ్రీ అన్న గడి కాదు, అవైలబుల్ అన్న గడి.

షెడ్యూలింగ్ గురించి ఎక్కువ రాయను. మీ మాస్టార్లు రౌండ్ రాబిన్ లెక్కలు పుష్కలంగా చేయిస్తారు, పరీక్షకు అవి చెయ్యి. అయితే కాలువ నీళ్ల వారబందీ ఎలా నడుస్తుందో మీ తాతయ్యను అడుగు. ఎవరి వంతు ఎంతసేపు, మొదటి తూము రైతు ఎక్కువ లాగేసుకుంటే చివరి ఆయకట్టు ఎలా ఎండిపోతుంది అన్నది ఆయన చెప్పినంత బాగా నేను చెప్పలేను. ప్రాథమ్యాలను గుడ్డిగా పాటిస్తే ప్రాసెసర్‌లోనూ చివరి ఆయకట్టు ఎండుతుంది. లైనక్స్ 2007 నుంచి సీఎఫ్ఎస్ అనే షెడ్యూలర్‌తో ప్రతి పనికీ దక్కిన సమయాన్ని లెక్కకట్టి, తక్కువ దక్కినవారికి ముందు వంతు ఇచ్చేది; 2023లో ఈఈవీడీఎఫ్ అనే పద్ధతి దాని స్థానంలోకి వచ్చింది.

ప్రాథమ్యాలూ, ఒక వనరును ఒకసారి ఒక్కరే వాడేలా చూసే తాళాలూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చెప్పడానికి అంగారకుడి మీద జరిగిన సంగతి కన్నా మంచి ఉదాహరణ లేదు. 1997 జూలై 4న అక్కడ దిగిన నాసా పాత్‌ఫైండర్ నౌక, కొద్ది రోజుల తరువాత తనంతట తాను పదే పదే రీసెట్ కావడం మొదలుపెట్టింది. వాతావరణ వివరాలు సేకరించే తక్కువ ప్రాథమ్యపు పని ఒక తాళం పట్టుకుని ఉంది. అదే తాళం కోసం ఎక్కువ ప్రాథమ్యపు పని ఎదురుచూస్తోంది. ఈ రెంటితో సంబంధం లేని మధ్యస్థాయి పని మధ్యలో దూరి, తాళం పట్టుకున్నదాన్ని కదలనివ్వలేదు. పెద్ద పని సమయానికి ముగియలేదని గమనించి, నౌక మొత్తం వ్యవస్థను రీసెట్ చేసుకునేది. తాళం పట్టుకున్నవారికి, దానికోసం ఎదురుచూస్తున్నవారి ప్రాథమ్యాన్ని తాత్కాలికంగా ఇచ్చే సౌకర్యం దాని వీఎక్స్‌వర్క్స్ వ్యవస్థలో అప్పటికే ఉంది, కానీ వాడుకలో లేదు. ఇంజనీర్లు భూమి మీది నకలు యంత్రంలో సమస్యను తిరిగి పుట్టించి, ఇక్కడి నుంచే ఆ సౌకర్యాన్ని పని చేయించారు. సమస్యను తిరిగి పుట్టించకుండా బాగు చేశామని చెప్పేవారిని నమ్మకు.

ఎల్‌ఎస్ చివరికి డైరెక్టరీ తెరిచి పేర్లు చదువుతుంది. ఎస్‌ట్రేస్ అనే పనిముట్టుతో దాన్ని నడిపితే, అది కెర్నల్‌ను అడిగిన ప్రతి కోరికా వరుసగా తెర మీద పడుతుంది: మొదటి వరుసలో ఎగ్జెక్, లైబ్రరీలు తెరవడం, డైరెక్టరీ తెరవడం, పేర్లు తెచ్చుకోవడం, చివర రాయడం. ఆ వరుసలన్నీ ఒకరోజు కూర్చుని చదువు. వ్యాఖ్యానం ఎంత చదివినా రాని స్పష్టత ఆ గంటలో వస్తుంది.

ఫైలు వేరు, ఫైలు పేరు వేరు అన్నది ఇక్కడ నేర్చుకోవలసిన పెద్ద విషయం. నేను దాన్ని ఖరీదు పెట్టి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి సర్వరు డిస్కు నిండిపోయింది. బాగా పెరిగిన లాగ్ ఫైలు కనిపిస్తే దాన్ని డిలీట్ చేశాను. డిస్కులో మిగిలిన చోటు చూపే డీఎఫ్ ఆదేశం కొట్టి చూస్తే డిస్కు ఇంకా నిండుగానే ఉంది. డైరెక్టరీలన్నీ, ఫైళ్ల పరిమాణాలు లెక్కకట్టే డీయూతో కూడితే మాత్రం చాలా చోటు ఖాళీ ఉండాలి. లెక్క కుదరక, కంగారులో ఆ నెల రిపోర్టులు కూడా తీసేశాను. తెల్లవారి వచ్చిన సీనియర్ ఒకాయన ఆ లాగ్ రాస్తున్న ప్రోగ్రామును ఆపి మళ్లీ మొదలుపెట్టారు, అంతే, చోటంతా తిరిగి వచ్చింది. రిపోర్టులు మాత్రం తిరిగి రాలేదు. జరిగిందేమిటంటే, డైరెక్టరీలో ఉండేది పేరూ, ఆ పేరు చూపే ఐనోడ్ (ఫైలు అసలు వివరాలుండే నమోదు) సంఖ్యా మాత్రమే. నేను తీసేసింది పేరును. ఆ ఐనోడ్‌ను ఒక ప్రోగ్రాము ఇంకా తెరిచి పట్టుకుని ఉన్నంతకాలం కెర్నల్ దాని చోటును వదలదు. పేరు లేదు కాబట్టి డీయూకు కనబడలేదు, చోటు ఉంది కాబట్టి డీఎఫ్ లెక్కలో ఉంది. ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే పనిముట్టుతో అటువంటి ఫైలును ఎవరు పట్టుకున్నారో తెలుసుకోవచ్చని మరునాడు నేర్చుకున్నాను. నీ వర్చువల్ మెషీన్‌లో ఇదే పరిస్థితిని కావాలని కల్పించి చూడు.

రాయడం గురించి కూడా ఒక హెచ్చరిక. రైట్ కాల్ విజయవంతమైందని జవాబు వస్తే అక్షరాలు డిస్కు మీద పడ్డాయని అర్థం కాదు. అవి కెర్నల్ మెమరీలోకి చేరాయని మాత్రమే. లైనక్స్ సాధారణ అమరికలో అవి 30 సెకన్ల దాకా అక్కడే ఉండవచ్చు. ఈలోగా కరెంటు పోతే పోయినట్టే. పోకూడని సమాచారమైతే, డిస్కు మీదికి చేర్చమని ఎఫ్‌సింక్ అడిగి, అది తిరిగి వచ్చేదాకా ఆగాలి. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా లాగవద్దని నీ చిన్నప్పుడు నేను తిట్టింది ఇందుకే.

నీ ప్రశ్నల్లో ఒకటి తెలుగు ఫైలు పేర్ల గురించి. కెర్నల్‌కు తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. పేరంటే దానికి బైట్ల వరుస. స్లాష్ గుర్తూ, సున్నా బైటూ తప్ప మిగతావన్నీ దానికి సమ్మతమే. "తెలుగు" అన్న మూడక్షరాల మాట యూనికోడ్‌లో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు కాబట్టి మొత్తం 18. ఈఎక్స్‌టీ4 అనే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌లో పేరుకు 255 బైట్ల హద్దు ఉన్నందువల్ల, నీవు పెట్టగల తెలుగు పేరు 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది. ఆ మూడక్షరాల మాటను బైట్లు లెక్కపెట్టే ఆదేశానికి ఇచ్చి 18 వస్తుందో లేదో నీవే చూసుకో.

పని ముగిశాక ఎల్‌ఎస్ ఎగ్జిట్ అంటుంది, కానీ వెంటనే పూర్తిగా మాయం కాదు. తన ముగింపు సంఖ్యను తల్లి షెల్ వచ్చి వెయిట్ కాల్‌తో తీసుకునేదాకా దాని పేరు పట్టికలో మిగిలి ఉంటుంది. అటువంటిదాన్ని జాంబీ అంటారు. మరణ ధ్రువపత్రం తీసుకోవడానికి వారసులు రాని కేసు అది. దాన్ని కిల్ చేయాలని ప్రయత్నించి లాభం లేదు, చనిపోయినదాన్ని మళ్లీ చంపలేము. తల్లి ప్రోగ్రామును సరిచేయాలి. బతికున్న ప్రోగ్రామును ఆపవలసి వస్తే ముందు 15వ సిగ్నల్ పంపి, సర్దుకోవడానికి సమయమివ్వు. 9వ సిగ్నల్ దానికి ఆ అవకాశమే ఇవ్వదు కాబట్టి, డేటాబేస్ మీద దాన్ని ప్రయోగించే ముందు పది అంకెలు లెక్కపెట్టుకో.

షెల్ రాయడం పూర్తయ్యాక లైనక్స్ మూలంలోకి దూకవద్దు. అది 3 కోట్ల వరుసలు దాటిపోయింది, దారి తప్పుతావు. ఎంఐటీవారు బోధన కోసం తయారు చేసిన ఎక్స్‌వీ6 అనే చిన్న వ్యవస్థ తీసుకో. 1975 నాటి యూనిక్స్ ఆరో సంచిక నమూనాలో కట్టిన అది పదివేల వరుసల లోపే ఉంటుంది, మరో యంత్రంలా నటించే క్యూఈఎంయూ అనే ప్రోగ్రాము మీద నడుస్తుంది, ఒక సెలవుల కాలంలో పూర్తిగా చదవగలవు. అందులో నీ సొంత సిస్టమ్ కాల్ ఒకటి చేర్చు. దాన్ని పిలిచిన ప్రాసెస్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కెర్నల్‌ను పిలిచిందో చెప్పే కాల్ చాలు. అది పనిచేసిన రోజున రెండు హోదాల మధ్య గోడ నీకు చేత్తో తడిమి చూసినంత స్పష్టంగా తెలుస్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో. నీ షెల్‌లో పైపు కలిపాక ప్రోగ్రాము ముగియకుండా వేలాడుతుందని ముందే చెబుతున్నాను. అందరికీ అదే జరుగుతుంది. తల్లి ప్రాసెస్‌లో పైపు రాసే కొనను మూశావో లేదో చూసుకో. అప్పటికీ కదలకపోతే ఎస్‌ట్రేస్ చూపిన వరుసలు కాగితం మీద అచ్చు వేసి తీసుకురా, అరుగు మీద కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ